గాలికి మార్కులు

కుటుంబరావు మాట్లాడుతున్నప్పుడు లోకంలో ఇంకే చప్పుడూ ఉండకూడదు. ఆయన గురించి తెలుసుకోవలసిందంతా ఈ ఒక్క ముక్కలోనే ఉంది. అలాగని చప్పుడంటే పడని మనిషేం కాదు. జగ్గయ్యపేట మెయిన్ బజారులో, ఎదురుగా స్టీలు సామాన్ల కొట్టూ పక్కన పిండిమరా ఉన్న చోట ముప్పై ఏళ్ళుగా పరుపుల హోల్‌సేల్ వ్యాపారం చేస్తున్నాడు. పిండిమర తిరుగుతుంటే హాయిగా కునుకు తీస్తాడు. దీపావళి టపాకాయలు ఆయన కాల్చినన్ని ఆ వీధిలో ఇంకెవరూ కాల్చరు. చిక్కల్లా ఆయన నోరు తెరిచినప్పుడే. ఆ నోరు మూతపడి ఉండగా చూసినట్టు బజారులో ఎవరికీ గుర్తు లేకపోవడం అసలు చిక్కు.

ఎవరింటికి వెళ్ళినా కూర్చోకముందే ఫ్యాను కట్టేస్తాడు. మే నెలైనా అంతే. సిమెంటు ఫ్యాక్టరీల మధ్యనున్న ఆ ఊళ్ళో మే నెలంటే ఏమిటో అక్కడ పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇంటివాళ్ళు చెమటలు తుడుచుకుంటూ వింటారు. మధ్యలో ఎవరైనా మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెడితే వాక్యం ఆపి, ఆ గ్లాసు కేసి ఒకసారి చూసి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాడు. అందుకే ఆయన లేచి వెళ్ళేదాకా ఆ ఇంట్లో ఎవరికీ దాహం వెయ్యదు.

బావమరిది కూతురి పెళ్ళిలో మరీ ఘోరం జరిగింది. కొబ్బరి పీచు పరుపుకీ ఫోము పరుపుకీ ఉన్న తేడా పక్కాయనకి వివరిస్తున్నాడు. సరిగ్గా అప్పుడే గట్టిమేళం మొదలైంది. ఈయన విసుగ్గా చెయ్యెత్తాడు. అది పురోహితుడి తరఫు సైగ అనుకుని సన్నాయివాళ్ళు ఆపేసారు. మేళం ఆగిందని పురోహితుడు మంత్రం ఆపాడు. మంత్రం ఆగిందని పెళ్ళికొడుకు జీలకర్ర బెల్లం చేత పట్టుకుని శిలావిగ్రహమైపోయాడు. కుటుంబరావు నిదానంగా వాక్యం పూర్తిచేసి, ఇంక కానివ్వండి అన్నాడు. ముహూర్తం మూడు నిమిషాలు దాటిపోయింది. ఆ దంపతులు ఇప్పుడు నందిగామలో ఇద్దరు పిల్లలతో, మూడు మంచి పరుపులతో సుఖంగా ఉన్నారు. ముహూర్తబలం గురించి ఇంతకంటే చెప్పవలసిందేమీ లేదు.

నిఖిత ఈ సంగతులేవీ తెలియకుండానే ఆ ఇంటి కోడలైంది. వచ్చిన మర్నాడు పచ్చడికని మిక్సీ వేసింది. రెండో సెకనులో మావగారు స్విచ్చి దగ్గర ప్రత్యక్షమయ్యాడు. హాల్లో ఆయనొక్కడే ఉన్నాడు కదా, ఎవరితో మాట్లాడుతున్నాడని అడగబోతే అత్తగారు శ్యామలాదేవి కళ్ళతోనే వారించింది. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడే ఆ ఇంట్లో మిక్సీ తిరుగుతుందనీ, అది పెళ్ళినాటి నుంచీ వస్తున్న చట్టమనీ తర్వాత చెప్పింది. అప్పట్నుంచీ బాత్రూము గడియ పడగానే అత్తాకోడళ్ళు వంటింట్లోకి పరుగు తీసేవాళ్ళు. ఆయన రెండు చెంబులు తక్కువ పోసుకున్న రోజున పచ్చడి పలుకులుగా ఉండేది.

ఇంతటి మనిషి ఎక్కే బండి ఏదంటే, పాత బుల్లెట్. అది వీధి మలుపు తిరక్కముందే కుక్కలు అరుగులెక్కుతాయి. మరి దీని చప్పుడో అని ఎవరైనా అడిగితే, "దానిది చప్పుడు కాదయ్యా, తాళం. నా మాటకి వెనకాల వేస్తది" అనేవాడు.

ఆ తాళం చాటునే శ్యామలాదేవి ముప్పై ఏళ్ళు నిశ్చింతగా కాపరం చేసింది. నందిగామలో ఉన్న చెల్లెలి ఇంటికి బుల్లెట్ మీద వెళితే ముప్పై కిలోమీటర్లూ ఆయన ముందు కూర్చుని మాట్లాడుతూనే ఉంటాడు. గాలికీ ఇంజనుకీ ఒక్క అక్షరం వెనక్కి రాదు. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా ఆవిడ "ఆఁ" అనేది. విన్నదని ఆయనకి తృప్తి. మిగతా ఆడవాళ్ళు మనశ్శాంతి కోసం గుళ్ళకీ ఆశ్రమాలకీ వెళ్ళవలసి వస్తోందనీ, తనకి బండి వెనక సీటు చాలనీ ఆవిడ ఒకసారి కోడలితో అంది.

ఆ శాంతికి కూడా గండం వచ్చింది. చిల్లకల్లు దగ్గర హైవే పక్కన టీ తాగుతుంటే, పెద్ద బళ్ళ మీద వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు హెల్మెట్లు తియ్యకుండానే, చెరో బండి మీదా ఉండి కబుర్లాడుకుంటూ వెళ్ళిపోవడం కుటుంబరావు చూసాడు. టీ గ్లాసు అక్కడే వదిలేసి బుల్లెట్ మీద వాళ్ళని గౌరవరం దాకా తరిమి, ఆపించి, ఆ వస్తువు పేరు ఇంటర్‌కమ్ అని తెలుసుకుని వచ్చాడు. వారం తిరక్కుండా రెండు సెట్లు తెప్పించాడు. హెల్మెట్ పక్కన అగ్గిపెట్టెంత డబ్బా, నోటి ముందు బొట్టుబిళ్ళంత మైకు, చెవుల దగ్గర రెండు పల్చటి స్పీకర్లు. ఈ హెల్మెట్లో మాట్లాడింది ఆ హెల్మెట్లో వినిపిస్తుంది.

మొదటిరోజు నందిగామలో బండి దిగిన శ్యామలాదేవి చెల్లెలింట్లో ఎవరినీ పలకరించకుండా వెళ్ళి పడుకుంది. ముప్పై ఏళ్ళుగా తను "ఆఁ" అన్నవి ఎలాంటి మాటలో ఆవిడకి ఆ రోజే తెలిసింది. మూడోరోజుకి హెల్మెట్ బరువుకి మెడ పట్టేసిందని చెప్పి బస్సులో వెళ్ళడం మొదలుపెట్టింది. మెడ బస్సులో బ్రహ్మాండంగా తిరిగేది.

ఇంటర్‌కమ్‌కి మాత్రం ఒక జబ్బుంది. బండి నలభై దాటగానే గాలి మైకులో దూరి, కాలిన పెనం మీద నీళ్ళు చల్లినట్టు సుయ్యిమంటుంది. మాట అందులో కొట్టుకుపోతుంది. సౌండు పెంచితే మాటతోపాటు ఆ సుయ్యి కూడా పెరుగుతుంది. తన మాటకి గాలి అడ్డం రావడమా? గాలికి ఫ్యానులాగా స్విచ్చి లేకపోవడం ఆయనకి తీరని అవమానంగా తోచింది.

యుద్ధం మొదలైంది. పరుపుల కొట్టువాడికి ఆయుధాలకేం కొదవ? మైకుకి ముందు కొబ్బరి పీచు చుట్టి చూసాడు. పీచు నోట్లోకి వచ్చింది. బూరుగు దూది పెట్టాడు. అంబారుపేట దగ్గర వరసగా పదకొండు తుమ్ములు తుమ్మి, బుల్లెట్‌తో సహా రోడ్డు దిగి మిరప చేలో తేలాడు. సోఫాల ఫోము, కుర్చీల ఫోము, కుషన్ల ఫోము అన్నీ అయ్యాయి. కొట్టులో ఇరవై ఏళ్ళుగా పరుపులు కుడుతున్న ఫ్రాన్సిస్‌ని పరుపులు మాన్పించి, రేగుపండంత ఫోము టోపీలు కుట్టించాడు. మైకు మూతికి వేలెడు దూరంలో కాదు, పెదవికి తగిలీ తగలనట్టు ఉండాలని కనిపెట్టాడు. మెడ దగ్గర హెల్మెట్ సందులోంచి వచ్చే గాలి సగం దొంగ అనీ, అక్కడ ఫోము కూరాలనీ కనిపెట్టాడు. వీటన్నిటినీ మించి, చెవుల్లో మెత్తటి బిరడాలు పెట్టుకుంటే గాలి హోరు తగ్గి, స్పీకర్లో మాట ఇంకా తేటగా వినిపిస్తుందని తేల్చాడు. "వినాలంటే చెవులు మూసుకోవాలి" అని బజారులో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. అలా చెప్పేటప్పుడు కూడా బిరడాలు చెవుల్లోనే ఉండేవి. అందువల్ల ఎదుటివాళ్ళు ఏమన్నారో ఆయనకి తెలియలేదు. ఎప్పుడు తెలిసింది గనక?

ఇక నిఖిత సంగతి. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి, చదివిన చదువుకీ చేస్తున్న పనికీ సంబంధం లేకుండా ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి ఎక్కాలు చెబుతూ ఉండేది. ఈ ఏడు నందిగామలో ఒక పాల డెయిరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం వచ్చింది. మొదటి రెండు నెలలు ల్యాబులో పని. మూడో నెల ఒకటో తారీకు నుంచి వీరులపాడు చుట్టుపక్కల పాల కేంద్రాలకి సొంత బండి మీద వెళ్ళి శాంపిళ్ళు తియ్యాలి. బండి నడపడం వచ్చా అని ఇంటర్వ్యూలో మేనేజరు రాజ్యశ్రీ అడిగితే, బాగా వచ్చండీ అని చెప్పింది.

అది సగం నిజం. నడపడం వచ్చు. రెండేళ్ళ కిందట చిల్లకల్లు దగ్గర, సిమెంటు పొడి మోసే పొడవాటి ట్యాంకరు లారీ, అక్కడందరూ బల్కర్ అనేది, వెనకనుంచి రొదపెడుతూ వచ్చి పక్కనుంచి దాటింది. ఆ గాలి విసురుకి స్కూటరుతో సహా రోడ్డు కింద పడి, మోకాలికి ఆరువారాలు కట్టు కట్టించుకుంది. మోకాలు బాగైంది. చెవులు బాగవలేదు. వెనకనుంచి లారీ చప్పుడు వినిపిస్తే చాలు, చేతులు కొయ్యబారిపోతాయి. ఈ మాట భర్త అనిల్‌కుమార్‌కి ఒక్కడికే చెప్పింది. సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే అనిల్ సానుభూతిగా విని, "పోనీ మానెయ్‌రాదా, ఏమంత మునిగిపోయింది" అన్నాడు. మునిగేది ఏమిటో ఆమెకి తెలుసు. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ మూడో తరగతి, మళ్ళీ పదమూడో ఎక్కం. చేతిలో రెండు నెలలున్నాయి. స్కూటరు వరండాలో దుప్పటి కప్పుకుని పడి ఉంది.

ల్యాబుకి బస్సులో వెళతానంది. మావగారు ససేమిరా వల్ల కాదన్నాడు. శ్యామలాదేవి మెడ దెబ్బకి ఆయన ప్రయోగాలు ఆగిపోయి ఉన్నాయి. వెనక సీటుకి మనిషి కావాలి. అలా ఒక వారం నిఖిత బుల్లెట్ వెనక కూర్చుని, హెల్మెట్లో స్వచ్ఛమైన కుటుంబరావు గొంతు వింటూ నందిగామ వెళ్ళివచ్చింది. దిగగానే, ఇవ్వాళ గాలికి పదికి ఎన్ని మార్కులు వేస్తావని అడిగేవాడు. ఎంత తక్కువైతే అంత విజయం. మొదటిరోజు ఎనిమిది వేసింది. వారాంతానికి ఒకటి. ఆయన ముఖం వెలిగిపోయింది. పీడా పోయింది, ఇంక వదిలేస్తాడనుకుంది నిఖిత.

మర్నాడు పొద్దున లేచేసరికి వరండాలో స్కూటరు మీద దుప్పటి లేదు. మావగారు మెకానిక్కు చేత అన్నీ చూపించి, పెట్రోలు పోయించి, తుడిపించి పెట్టాడు.

"రెండో ఇంజను మీద టెస్టు చెయ్యాల. ఒక్క బుల్లెట్ మీద చూస్తే అదేం లెక్క" అన్నాడు.

"మావయ్యా, నేను హైవే మీద నడపను."

"హైవే ఎవరు నడపమన్నారమ్మాయ్? పేటలో సందుల్లో తిరుగు. నాక్కావాల్సింది ఇంజను రొద. నువ్వు కాదు."

ఈ మర్యాదకి మనసులోనే ఒక దణ్ణం పెట్టి స్కూటరెక్కింది. ఆమె హెల్మెట్లో చెవుల చుట్టూ, మెడ దగ్గరా అంగుళం మందాన ఫోము కూరి ఉంది. పెట్టుకుంటే పరుపుల స్టాకు మధ్య తల దూర్చినట్టుంది. స్కూటరు స్టార్టయిందో లేదో కూడా చేతుల్లో వణుకుని బట్టి తెలియాల్సిందే. ఆ నిశ్శబ్దంలో మావగారి గొంతొక్కటే, పక్కన పీట వేసుక్కూర్చున్నట్టు వినిపించేది. నాలుగు రోజులు సందులు. ఆ తర్వాత చిల్లకల్లు రోడ్డు. సందుల్లో తగినంత గాలి దొరకడంలేదన్నాడు. తర్వాత హైవే పక్కన సర్వీసు రోడ్డు. రెండో వారం చివర, గాలిది అసలు బండారం అరవై మీదగానీ బయటపడదనీ, అరవై సర్వీసు రోడ్డులో వీలుకాదనీ తేలింది. అలా, తను హైవే ఎక్కానని తెలుసుకునేసరికి నిఖిత గౌరవరం దాటేసింది.

ఆయన వెనక బుల్లెట్ మీద వస్తూ ఊపిరి సలపకుండా చెబుతూనే ఉన్నాడు. "వెనక బల్కర్ వస్తా ఉంది. తెల్లది. ఇంకా రెండొందల గజాలుంది. చేతులు బిగించావు, నాకిక్కడ తెలిసిపోతా ఉంది. నువ్వు బిగిస్తే హెల్మెట్ ఊగుద్ది, హెల్మెట్ ఊగితే మైకు జరుగుద్ది. వదులుగా పట్టుకో. తల దించకు, గాలి మైకులోకి పోయిద్ది. బ్రేకు ముట్టుకోకు, ఇంజను చప్పుడు మారిపోయి నా రీడింగు పాడైద్ది. వాడు కుడిపక్కకి జరిగాడు. నువ్వు నీ గీతలో ఉండు. ఆ, దాటాడు. మార్కులు చెప్పు."

"రెండు."

"రెండేనా? కళ్ళు మూసుకుని వెయ్యమాక."

"రెండున్నర."

"అది. ఆ అర ఎక్కడినుంచి వచ్చిందో సాయంత్రం చూద్దాం" అని, ఆగిపోయిన పరుపు కథ ఎత్తుకున్నాడు. బల్కర్ ఎప్పుడు ముందుకెళ్ళి చుక్కైపోయిందో నిఖిత చూడనేలేదు. ఆ అర మార్కు మీద ఆయనతో వాదిస్తూ నందిగామ చేరింది.

అక్కణ్ణుంచి ఆయన ప్రయోగం తిరగబడింది. మరుసటి వారం బల్కర్‌కి మూడున్నర. ఆపై వారం నాలుగున్నర. ఎన్ని రకాల ఫోము మార్చి కుట్టించినా హోరు తగ్గకపోగా పెరుగుతూ వచ్చింది. నోట్సు పుస్తకంలో లారీ రకం, వేగం, మార్కులు శ్రద్ధగా రాసుకునేవాడు, మళ్ళీ ఫ్రాన్సిస్ దగ్గరికి వెళ్ళేవాడు, మర్నాడు ఇంకో అర మార్కు పెరిగేది. నిఖితకి జాలేసింది. తర్వాత విసుగొచ్చింది. ఆఖరికి నవ్వొచ్చింది.

"మావయ్యా, మీ పరిశోధన వెనక్కి నడుస్తోంది. ఇలాగే సాగితే వచ్చే నెలకి హెల్మెట్ కనిపెట్టక ముందు కాలానికి వెళ్ళిపోతాం."

"ఫోములో కల్తీ వస్తా ఉంది" అని గొణిగి ఊరుకున్నాడు.

ఎదురు స్టీలు కొట్టు నవీన్‌బాబు మాత్రం ఊరుకోలేదు. కుటుంబరావు గారి హెల్మెట్ పెట్టుకుంటే తలనొప్పి కూడా స్టీరియోలో వినిపిస్తుందని బజారంతా చాటాడు. ఇక పరుపుల్లో ఏం కూరుతున్నాడోనని ఒకరిద్దరు బేరగాళ్ళు పడుకుని మరీ చూసుకుని కొన్నారు. ఫోము విషయంలో ఎదుటివాడిది పైమాట కానివ్వడం కుటుంబరావు జాతకంలో లేదు. ఒకప్పుడు డెన్సిటీ మీద వాదం వచ్చి, ఒక ఏజెంటుని మధ్యాహ్నం భోజనానికి పోనివ్వకుండా మూడింటిదాకా కూర్చోబెట్టిన మనిషి. అలాంటివాడు నవీన్‌బాబు ఎగతాళి విని, తల గోక్కుని లోపలికి వెళ్ళిపోయాడు. వయసు మీద పడుతోందని శ్యామలాదేవి దిగులుపడి రెండురోజులు ఆయన మాట్లాడుతుంటే నిజంగా విన్నది.

ఈలోగా నిఖితకి లారీలు కావలసి వచ్చాయి. రోజుకి కనీసం ఆరు రీడింగులు లేకపోతే సాయంత్రం ఆ ముసలాయన అన్నం తినడు. అద్దంలో బల్కర్ కనపడితే, హమ్మయ్య, ఒకటి దొరికిందనుకునేది. అది దగ్గరికొస్తుంటే మనసులో అంకె వెతుక్కునేది. అయిదా, అయిదున్నరా? రొద తెరలు తెరలుగా వచ్చి, గాలి భుజాన్ని నెట్టి పోయేది. చేతులు వదులుగానే ఉండేవి. బిగిస్తే మైకు జరుగుద్ది కదా.

మూడో నెల ఒకటో తారీకు వచ్చింది. నందిగామ నుంచి హైవే మీద కంచికచర్ల దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి వీరులపాడు వైపు తిరగాలి. మొదటిరోజు ఎలా నడుపుతావో చూస్తానని రాజ్యశ్రీ వెనక సీట్లో కూర్చుంది. నడపలేకపోతే ల్యాబులో ఖాళీ లేదనీ, మొహమాటపడి ఉంచుకోవడం తనకి చేతకాదనీ ముందే చెప్పేసింది. ఇంటర్‌కమ్ రెండో సెట్టు జగ్గయ్యపేటలో ఉంది. వెనకనుంచి ఏ లారీ వస్తోందో చెప్పేవాళ్ళు లేరు.

ఊరు దాటి రెండు కిలోమీటర్లు వెళ్ళకముందే వచ్చింది. అద్దంలో తెల్లగా, నిలువెత్తుగా. రొద వీపుకి తగిలింది. నిఖిత తన గీతలో ఉంది. బ్రేకు ముట్టుకోలేదు. బల్కర్ పక్కకొచ్చింది, ఊపేసింది, వెళ్ళిపోయింది.

"ఏడు" అంది నిఖిత పైకే.

 కాసేపటికి ఇసుక లారీ దాటింది. నిఖిత "ఆరున్నర" అంది. బస్సుకి అయిదు వేసింది. కంచికచర్ల దగ్గర బండి ఆపినప్పుడు రాజ్యశ్రీ కిందికి దిగి, ఈ అంకెలేమిటని అడిగింది. మా మావయ్యగారు గాలికి మార్కులు వెయ్యమంటారండీ అని నిఖిత మొదలుపెట్టి, ఇది మొదటినుంచి చెప్పకపోతే అర్థంకాదని తెలిసి ఆగిపోయింది.

"రేపట్నుంచి ఒక్కదానివే వెళ్ళు. బండి బాగా నడుపుతున్నావు" అంది రాజ్యశ్రీ. "పాల కేంద్రాల దగ్గర మాత్రం ఈ అంకెలు పైకి అనకు. వాళ్ళ పాలకి వెన్న శాతం చెబుతున్నావనుకుని కొట్టుకు చస్తారు."

ఆ ఆదివారం, రెండు నెలల చెమటకి హెల్మెట్ లోపలి గుడ్డ వాసన వేస్తోందని, విప్పి ఉతికి మళ్ళీ కుట్టమని నిఖిత ఫ్రాన్సిస్‌కి ఇచ్చింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసాడు.

"గుడ్డ ఒక్కటే కదమ్మా, ఇంటికాడ బకెట్లో నానేస్తే పోలా?"

"ఫోము ఉంది కదా. అది తడిస్తే ఆరదు."

"ఫోము ఎక్కడిదమ్మా, ఆఖరి పొర కిందటి నెల ఇరవయ్యో తారీకునే తీసేస్తిమి గదా" అనేసి, ఫ్రాన్సిస్ నాలిక్కరుచుకున్నాడు. చేతిలో ఉన్న దబ్బనంతో తలపాగా సర్దుకుని, చెప్పొద్దన్నారన్నాడు. చెప్పొద్దన్న సంగతి చెప్పాక మిగతాది దాచడం ఎవరితరం? నిఖిత ఒక పరుపు మీద కూర్చుంది. అతను చెప్పాడు.

మొదటి వారంలోనే మందు కుదిరిందట. బుల్లెట్ ఎనభైలో పోయినా మాట ఇంట్లో కూర్చుని విన్నట్టే వినపడిందట. ఆ సంతోషంలో షావుకారు గారు తనకి మిరపకాయ బజ్జీలు కూడా తెప్పించారట. మర్నాడే వచ్చి, అమ్మాయి హెల్మెట్లో అంగుళం ఫోము పెట్టమన్నారు, తర్వాత వారానికో పొర తియ్యమన్నారు, బజారులో ఎవడేమన్నా నోరెత్తొద్దన్నారు. చేతకాక చెడిందనుకోనీ, అన్నారు.

"ఎందుకని నువ్వు అడగలా?"

"అడిగానమ్మా. లారీ వచ్చినప్పుడల్లా మైకులో అమ్మాయి ఊపిరి ఆగిపోతా ఉంది ఫ్రాన్సిసూ, అన్నారు."

జన్మలో ఎవరి మాటా పూర్తిగా విని ఎరగనివాడని ఊరంతా అనుకునే మనిషి, బుల్లెట్ మీద కూర్చుని, గాలినీ ఇంజనునీ ఒక్కొక్కటే పక్కకి నెట్టి, వెనక సీట్లో ఆగిన ఊపిరిని విన్నాడు. నిఖితకి కోపమొచ్చిందో నవ్వొచ్చిందో తేల్చుకునే ఓపిక లేకపోయింది. లేచి ముందు గదిలోకి వెళ్ళింది. అక్కడ మావగారు ఒక బేరగాడిని కూర్చోబెట్టి ఉపన్యసిస్తున్నాడు. ఎందుకైనా మంచిదని తనే వెళ్ళి ఫ్యాను కట్టేసింది.

"మావయ్యా, నా హెల్మెట్లో ఫోము ఏమైంది?"

"అరిగిపోయింది."

"వారానికో పొర చొప్పునా?"

ఆయన లోపలికి తొంగిచూసాడు. ఫ్రాన్సిస్ చాలా దీక్షగా దబ్బనంలోకి దారం ఎక్కిస్తున్నాడు.

"నా ఊపిరి ఆగిపోతోందన్నారట."

"అన్నా. అనక ఏం చేస్తా?" అన్నాడు కుటుంబరావు, నేరం తనమీద కాక ఆమె మీద మోపుతున్నట్టు. "నేనొక మంచి మాట చెబుతా ఉంటా. లారీ వచ్చిద్ది. నువ్వు ఊపిరి బిగబడతావు. అది పోయాక ఒక్కసారి వదులుతావు. ఆ వదలటం ఉందే, మైకులో తుపానే. సరిగ్గా నా మాట మధ్యలో. గాలికి ఫోము పెట్టా, ఆగింది. ఇంజనుకి పెట్టా, ఆగింది. నీ భయానికి ఏ డెన్సిటీ పెట్టాలో తెలియలా. పెడితే పోయేది కాదని, తీసుకుంటా వచ్చా. నా బాధ నాది."

"నవీన్‌బాబు అన్నన్ని మాటలంటే ఎందుకు ఊరుకున్నారు?"

"వాడి కొట్టులో గిన్నెల మోత. వాడేమన్నాడో నాకు వినపళ్ళా" అని, ఆమె ఇంకేదో అనబోయేలోగా బేరగాడి వైపు తిరిగి, "ఆ ఫ్యాను వెయ్యవయ్యా, ఉడికి చస్తన్నాం" అన్నాడు. బేరగాడు తన చెవులని తనే నమ్మలేక ఫ్యాను కేసీ ఆయన కేసీ చూసి, లేచి వేసాడు. ఆ గాలిలో ఇక ఎవరూ ఏమీ అనడానికి వీల్లేకపోయింది.

నెలరోజుల తర్వాత డెయిరీలో క్రిస్టీ అని కొత్త అమ్మాయి చేరింది. రెడ్డిగూడెం పిల్ల. ఊళ్ళో స్కూటరు మీద రాకెట్‌లా తిరిగేదట. హైవే చూస్తే కాళ్ళు రావట. ఎలా నేర్చుకున్నావో ఈ పిల్లకి కూడా నేర్పు అని రాజ్యశ్రీ నిఖితకి అప్పజెప్పింది. నిఖిత ఆమెని జగ్గయ్యపేట తీసుకొచ్చి పరుపుల కొట్టులో నిలబెట్టింది.

కుటుంబరావు తనకి ఖాళీ లేదన్నాడు. తనేం డ్రైవింగ్ స్కూలు పెట్టుకోలేదన్నాడు. పెళ్ళిళ్ళ సీజను, పరుపుల ఆర్డర్లు నెత్తిమీదున్నాయన్నాడు. అంటూనే ఆ అమ్మాయి తలకి ఒక హెల్మెట్ తగిలించి, మైకు పెదవి దగ్గరికి జరిపి, బుల్లెట్ వెనక ఎక్కించుకుని చిల్లకల్లు దాకా వెళ్ళివచ్చాడు. దారి పొడుగునా ఏదో చెబుతూ వెళ్ళినవాడు, వచ్చేటప్పుడు మాత్రం నోరు మెదపలేదు. బండి దిగి లోపలికి చూసి, "ఫ్రాన్సిసూ, అంగుళమున్నర" అన్నాడు. ఆ తర్వాత వీధిలోకి వచ్చి నిలబడి, స్టీలు కొట్టు కేసి గొంతెత్తి చెప్పాడు.

"నవీన్‌బాబూ, మన ప్రయోగం మళ్ళీ మొదటికొచ్చిందయ్యా. కొత్త స్టాకు కూడా కల్తీయే."

నవీన్‌బాబు చేతిలో బిందె కింద పెట్టి మరీ నవ్వాడు. పిండిమర దగ్గరున్నవాళ్ళు నవ్వారు. అందరికంటే గట్టిగా నిఖిత నవ్వింది. క్రిస్టీకి ఈ ఊరూ ఈ మనుషులూ అంతుపట్టలేదు. నిఖితకి దగ్గరగా జరిగి, సార్‌కి ఒంట్లో బాగానే ఉందా అక్కా అని గుసగుసగా అడిగింది.

"బాగానే ఉంది. గాలి మీద పగ, అంతే" అంది నిఖిత. "రేపట్నుంచి ఏ లారీ దాటినా పదికి ఎన్ని మార్కులో చెప్పమంటారు. నిజంగా ఎంతనిపిస్తే అంతే చెప్పు. మొహమాటానికి తక్కువ వేసావంటే మళ్ళీ గౌరవరం నుంచి వెనక్కి తిప్పిస్తారు."